మొదటి రోజు కాగితం



చెన్నై నుంచి తిరుపతికి పోయే పాత దారి మీలో చాలామందికి బాగా తెలుసు. ఆవడి, తిరువళ్లూరు, తిరుత్తణి, అక్కణ్నుంచి నగరి, పుత్తూరు, రేణిగుంట. ఒకప్పుడు 205వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 716. ఆడికృత్తికకు కావళ్లు మోసుకొని తిరుత్తణి కొండకొచ్చే భక్తులు, పెరటాసి నెలలో తిరుమలకు కాలినడకన పోయేవాళ్లు, అమావాస్యకు తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేట్లో మునిగేవాళ్లు, కంకర లారీలు, రెండు రాష్ట్రాల బస్సులు, అందరికీ ఇదే దారి. వీళ్లందరి మధ్యలో బైకులు. తెల్లవారకముందే శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీల్లో షిఫ్టుకు పరుగెత్తే కుర్రాళ్లు, పళ్లిపట్టు వైపు నుంచి మగ్గం బట్టల మూట బండి వెనక కట్టుకొని వచ్చేవాళ్లు, పిల్లను ముందు, ఇల్లాలిని వెనక కూర్చోబెట్టుకొని పుట్టింటి పెళ్లికి పోయేవాళ్లు.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోదే. సరిహద్దు తగవుకు మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫార్సుల మీద హద్దులు మార్చినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు ఆంధ్రకు వచ్చింది. హద్దు మారింది గాని సంబంధాలు మారలేదు. అన్న ఇల్లు నగరిలో, చెల్లెలి అత్తవారిల్లు తిరుత్తణిలో. అందుకని ఈ దారిలో బైకుకు ప్రమాదం జరిగితే, మామూలు కష్టానికి తోడు ఇంకో చిక్కు వచ్చి పడుతుంది. దెబ్బ తిన్నవాడు తెలుగువాడు, ఎఫ్ఐఆర్ తమిళంలో, లారీ ఆంధ్రా నంబరుది, ఆస్పత్రి చెన్నైలో. ఎవర్ని అడగాలో, ఎక్కడ కేసు వెయ్యాలో తెలియక, హక్కుగా రావాల్సిన పరిహారాన్ని వదులుకునే కుటుంబాలు ఉన్నాయి. ఈ రోజు నా మాటలు వాళ్ల కోసం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. రాసుకోవాల్సిన అంకెలు కొన్ని ఉన్నాయి.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద పోయేవాళ్లు. ఆ ఏడాది ఏ రాష్ట్రంలోనూ లేనన్ని ప్రమాదాలు తమిళనాడులో నమోదయ్యాయి, 64,105. ప్రాణాలు దక్కి, గాయాలతో ఇంటికి చేరినవాళ్లు చనిపోయినవాళ్ల కన్నా చాలా ఎక్కువ.

ముందు ప్రాణం. 108కి ఫోన్ చెయ్యండి. తమిళనాడులో 2021 డిసెంబర్ 18న 'ఇన్నుయిర్ కాప్పోం, నమ్మై కాక్కుం 48' అనే పథకం మొదలైంది. ఆ రాష్ట్రం హద్దులో ప్రమాదం జరిగితే మొదటి 48 గంటల చికిత్స, పథకంలో చేరిన ఆస్పత్రుల్లో, నిర్ణీత పరిమితి దాకా ఉచితం. తమిళనాడు రేషన్ కార్డు ఉండాలన్న షరతు లేదు. నగరి మనిషైనా, నెల్లూరు మనిషైనా, ఎక్కడివాడైనా సరే. దీనికి తోడు 2025 మే 5 నుంచి కేంద్రం కూడా దేశమంతటికీ ఒక పథకం తెచ్చింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజులు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స. కాబట్టి ఆస్పత్రి కౌంటరు దగ్గర నగలు తీసి ఇవ్వడానికి ముందు ఈ పథకాల సంగతి అడగండి. ఇంకో మాట. దెబ్బ తిన్నవాణ్ని ఆస్పత్రికి చేర్చిన దారిన పోయే మనిషిని పోలీసులు బలవంతంగా సాక్షిని చెయ్యకూడదు, పేరు చెప్పమని ఒత్తిడి చెయ్యకూడదు. మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ వాళ్లకు రక్షణ. ఆ భయంతో ఎవరూ బండి ఆపకుండా పోవద్దు.

ఇప్పుడు ఒక కాగితం గురించి నిదానంగా చెప్పాలి. ప్రమాదం కేసు రాగానే ఆస్పత్రిలో యాక్సిడెంట్ రిజిస్టర్ అనే పుస్తకంలో రాస్తారు. దాని నకలునే తమిళనాడులో అందరూ ఏఆర్ కాపీ అంటారు. ఎన్ని గంటలకు వచ్చారు, ఎవరు తీసుకొచ్చారు, ప్రమాదం ఎక్కడ ఎలా జరిగింది, గాయాలు ఎక్కడెక్కడ, స్పృహ ఉందా, మద్యం వాసన వస్తోందా, ఇవన్నీ అందులో ఉంటాయి. ప్రమాదం ఎలా జరిగిందో డ్యూటీ డాక్టరు చూడలేదు. పక్కనున్నవాళ్లు చెప్పిందే రాస్తారు. తమ్ముడి చొక్కా అంతా రక్తం, మన చేతులు వణుకుతున్నాయి, ఆ సమయంలో "ఏమైంది?" అని అడిగితే మన నోటి నుంచి వచ్చే మాట ఏది? "బండి మీద నుంచి పడ్డాడు సార్." అంతే. రిజిస్టరులో 'టూవీలర్ మీద నుంచి తనంతట తానే పడ్డాడు' అని పడిపోతుంది. నిజానికి వెనక నుంచి లారీ గుద్దితే పడ్డాడు. కానీ లారీ మాట ఎవరూ చెప్పలేదు.

ఏడాది తర్వాత, పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు లేచి ఆ ఒక్క వాక్యం చదువుతారు. లారీ తగిలి ఉంటే మొదటి గంటలోనే చెప్పేవాళ్లు కదా, ఇన్సూరెన్స్ డబ్బు కోసం తర్వాత లారీని తెచ్చి అతికించారు అంటారు. ఎఫ్ఐఆర్ కూడా నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ వాదన మరింత బలపడుతుంది. విరిగిన కాలు నిజం, లారీ నిజం, అయినా మనమే సంజాయిషీ చెప్పుకోవాల్సిన స్థితి వస్తుంది.

కాబట్టి డాక్టరు అడిగినప్పుడు ఏ బండి తగిలిందో ముందు చెప్పండి. "తిరుత్తణి నుంచి తిరువళ్లూరు వైపు వస్తుంటే, ఫలానా చోట, వెనక నుంచి లారీ గుద్దింది." నంబరు తెలిస్తే నంబరు, తెలియకపోతే రంగు. మీకు తమిళం రాకపోతే వచ్చినవాళ్లను పక్కన పెట్టుకోండి. ఆ సరిహద్దు ఊళ్లలో రెండు భాషలూ వచ్చిన మనిషి దొరకడం కష్టం కాదు. ఏఆర్ కాపీ తీసుకొని చదివించుకోండి. అందులో తప్పు పడిందని తెలిస్తే అది దాచిపెట్టే సంగతి కాదు. ఆ రోజే పోలీసు వాంగ్మూలంలో, ఆస్పత్రికి ఇచ్చే అర్జీలో, కంగారులో సగమే చెప్పామని రాసివ్వండి. ట్రిబ్యునల్ ఒక్క కాగితం చూసి తీర్పు ఇవ్వదు. చార్జిషీటు, వాహన తనిఖీ అధికారి రిపోర్టు, కళ్లారా చూసినవాళ్ల మాట, అన్నీ కలిపి ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తుంది. నిజంగానే తానే పడి ఉంటే మాత్రం లేని లారీని సృష్టించకండి. అలాంటి ప్రమాదానికి వేరే దారి ఉంది, కాసేపట్లో చెప్తాను.

పోలీసు స్టేషన్‌లో కూడా ఇంతే జాగ్రత్త. మీరు చెప్పింది రాసుకున్నాక మీకు చదివి వినిపించాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఇది చట్టం. తమిళంలో రాసినదాన్ని తెలుగులో అర్థం చెప్పమని అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. బైకును మెకానిక్ షెడ్డుకు తోలవద్దు. వాహన తనిఖీ అధికారి చూసేదాకా అది ఉన్నట్టే ఉండాలి. ఏ వైపు నుగ్గయిందో ఆ బండే సాక్ష్యం చెప్తుంది. పెట్రోలు బంకులో, హోటలు ముందు కెమెరాలుంటే వెంటనే పోలీసుల దృష్టికి తీసుకురండి. పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోతాయి.

2022 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త నిబంధనల ప్రకారం, పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు, ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాలి. పది రోజుల్లో బాధితుడికి అతని హక్కులేమిటో చెప్పే ఫారం ఇవ్వాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలి. ఆ నివేదికనే పరిహారం దరఖాస్తుగా తీసుకునే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. ఈ నిబంధనలు గట్టిగా అమలు చెయ్యాలని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మీకు ఆ ఫారం రాలేదా? స్టేషన్‌కు పోయి అడగండి. అది దయ కాదు, మీకు రావాల్సినది.

ఇక రాజీ సంగతి. ఆస్పత్రి వరండాలోకి లారీ ఓనరు తరఫు మనిషి వస్తాడు. "కేసు ఎందుకన్నా, కోర్టు చుట్టూ ఏం తిరుగుతావు? ఆస్పత్రి ఖర్చు మేము పెట్టుకుంటాం, మనలో మనం మాట్లాడుకుందాం" అంటాడు. మాట మెత్తగా ఉంటుంది, చేతిలో ఇరవై వేలు ఉంటాయి, మనకు ఆ పూట డబ్బు అవసరం. దానికి బదులు తెల్ల కాగితం మీద ఒక సంతకం. నన్ను అడిగితే ఆ సంతకం పెట్టవద్దంటాను. మూడో నెలలో కాలికి రెండో ఆపరేషన్ పడ్డప్పుడు ఆ మనిషి ఫోన్ ఎత్తకపోతే చేసేదేముంది? పైగా పరిహారం ఇచ్చేది ఆ ఓనరు జేబులోంచి కాదు. లారీకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చట్టం తప్పనిసరి చేసింది సరిగ్గా ఇందుకే. డ్రైవరు కుటుంబానికి అన్యాయం చేస్తున్నామేమో అని వెనకాడేవాళ్లు కూడా ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. డ్రైవరు మీద క్రిమినల్ కేసు వేరు, పరిహారం కేసు వేరు. క్రిమినల్ కేసు కొట్టేసినా పరిహారం హక్కు దానితోనే పోదు. లారీ డ్రైవరుకు లైసెన్సు లేదని తేలినా, చాలా కేసుల్లో కంపెనీ ముందు బాధితుడికి కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలని కోర్టులు చెప్పాయి.

కేసు ఎక్కడ వెయ్యాలి? సరిహద్దు వాళ్లకు ఇది పెద్ద ప్రశ్న, జవాబు మాత్రం వాళ్లకు అనుకూలంగానే ఉంది. ప్రమాదం జరిగిన చోటి ట్రిబ్యునల్‌లో వెయ్యవచ్చు, మీరు కాపురం ఉండే చోట వెయ్యవచ్చు, పని చేసుకునే చోట వెయ్యవచ్చు, ఎదుటి పక్షం ఉండే చోట వెయ్యవచ్చు. ఎంచుకునే హక్కు మీది. తిరుత్తణి దగ్గర దెబ్బ తిన్న నగరి మనిషి ప్రతి వాయిదాకూ తిరువళ్లూరు పోనక్కర్లేదు, ఆంధ్రలో తన ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. తమిళ కాగితాలకు అనువాదం జతచేస్తే సరి. తిరుత్తణిలో స్థిరపడ్డవాళ్లు నగరిలో ప్రమాదానికి గురైతే తిరువళ్లూరు జిల్లాలోనే వేసుకోవచ్చు.

గడువు మాత్రం మరిచిపోవద్దు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో దరఖాస్తు వెయ్యాలని 2022 ఏప్రిల్ నుంచి చట్టం చెప్తోంది. ఆ షరతు చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టు ముందు ఉంది. అందుకని ఆరు నెలలు దాటినవాళ్లు ఆశ వదులుకోకుండా వకీలును కలవండి, దాటనివాళ్లు ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకండి.

తప్పు ఎవరిదో రుజువు చెయ్యలేని పరిస్థితి అయితే 164వ సెక్షన్ ఉంది. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, తప్పు రుజువు చెయ్యకుండానే. కానీ ఆ మొత్తం పుచ్చుకుంటే 166 కింద వేసిన కేసు అక్కడితో ముగుస్తుంది. ముప్పై ఏళ్ల మనిషికి కాలు పోయినప్పుడు రెండున్నర లక్షలకు తల ఊపే ముందు లెక్క వేసుకోవాలి. గుద్దిన బండి ఏదో అంతు చిక్కకుండా పారిపోతే, దానికి వేరే పథకం. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. దీనికి కోర్టుకు పోనక్కర్లేదు, రెవెన్యూ అధికారికి దరఖాస్తు, మంజూరు చేసేది కలెక్టరు.

లెక్క ఎలా కడతారో ఒక ఉదాహరణతో చెప్తాను. ఇది ఊహించి చెప్తున్నది. పొదటూరుపేటలో మరమగ్గం నడిపే మనిషి, వయసు 32, నెలకు 15 వేలు సంపాదన. ప్రమాదంలో కుడిచేతి వేళ్లు మూడు పట్టు తప్పాయి. మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం అని రాసింది. ఏడాదికి లక్షా ఎనభై వేలు. నలభై ఏళ్ల లోపువాడు కనుక ముందు ముందు పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు, రెండు లక్షల యాభై రెండు వేలు అవుతుంది. ఈ శాతాలు 2017 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఖాయం చేసినవి. అతని వయసుకు గుణకం 16. గుణిస్తే నలభై లక్షల ముప్పై రెండు వేలు. అందులో 30 శాతం అంటే పన్నెండు లక్షల పైచిలుకు.

ఇక్కడితో ఆగిపోతే అతనికి అన్యాయమే. ఎందుకంటే డాక్టరు చెప్పేది ఒంటి వైకల్యం, ట్రిబ్యునల్ చూడాల్సింది బతుకు తెరువు ఎంత పోయింది అన్నది. ఇది 2010, 2011 నాటి సుప్రీంకోర్టు తీర్పుల నుంచీ స్థిరపడ్డ సూత్రం. ఎడమచెయ్యి పోయినా ఆఫీసు గుమాస్తా ఉద్యోగం నిలబడవచ్చు, అదే చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో పనే ఉండదు. మన మగ్గం మనిషి కుడిచేతి వేళ్లతో తెగిన నూలు పోగు అతకలేడు, నాడె మార్చలేడు. చేతి వైకల్యం 30 శాతమే కావచ్చు, పనిలో నష్టం 50 అని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే మొత్తం ఇరవై లక్షల పదహారు వేలు. తేడా ఎనిమిది లక్షలు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పనిలో ఏ వేలు ఏం చేస్తుందో సాక్ష్యంగా చెప్పడం నుంచి వస్తుంది. మగ్గం యజమాని వచ్చి చెప్పాలి, తోటి నేతగాడు చెప్పాలి. వకీలుకు మగ్గం పని తెలియకపోవచ్చు, మీరే వివరంగా చెప్పాలి.

జీతం చీటీ లేదని దిగులు పడవద్దు. కూరగాయలు అమ్ముకునే ఒక యువకుడికి కాలు పోయిన కేసులో, ఏ పత్రమూ లేకపోయినా నెలకు 6,500 ఆదాయంగా సుప్రీంకోర్టు 2014లో తీసుకుంది. దీనికి తోడు మందుల ఖర్చు, ఆస్పత్రికి తిరిగిన బండి బాడుగ, మంచి తిండి, పక్కనుండి చూసుకున్న మనిషి కూలి, పడ్డ బాధ, ఇవన్నీ విడివిడిగా అడగవచ్చు. అందుకే మందుల చీటీలు, బిల్లులు ఒక సంచిలో వేసి తేదీల వారీగా దాచండి.

ఇల్లాలు చనిపోతే "ఆమెకు సంపాదన లేదు కదా" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఢిల్లీలో బైకు మీద పోతున్న భార్యాభర్తలు కారు గుద్ది చనిపోయిన కేసులో 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ అందులో విడిగా రాసిన అభిప్రాయంలో, ఇంటి పనికి విలువ కట్టి తీరాలని, అది దయాదానం కాదని స్పష్టం చేశారు. వంట, పిల్లలు, ముసలివాళ్లు, పొలం పనిలో చెయ్యి సాయం, ఇదంతా లెక్కలోకి రావాలి.

ఇప్పుడు మీ సొంత బండి ఇన్సూరెన్స్ తీసి చూడండి. ఇంట్లో ఉంటే ఇప్పుడే. బండి ఓనరే తోలుతూ తానే పడితే పనికొచ్చేది పర్సనల్ యాక్సిడెంట్ కవర్. మరణానికీ, పూర్తి వైకల్యానికీ 15 లక్షలు. కట్టారో లేదో పాలసీలో ఉంటుంది. కొద్ది వందల కోసం వదిలేసినవాళ్లు ఈసారి వదలకండి. వెనక కూర్చునేవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే, మీ తప్పువల్ల బండి పడి వెనకున్న భార్యకు దెబ్బ తగిలినా ఆ కంపెనీ కట్టనక్కర్లేదని తీర్పులున్నాయి. ఫుల్ ఇన్సూరెన్స్ అయితే ఆమెకూ వర్తిస్తుంది. తప్పు లారీదైతే ఈ తేడాతో పని లేదు, లారీ ఇన్సూరెన్సు వెనకున్నవాళ్లకూ కట్టాలి.

హెల్మెట్ లేదు, లైసెన్సు లేదు, ముగ్గురం పోతున్నాం, ఇక మాకు ఏమొస్తుంది అని మానుకునేవాళ్లున్నారు. మానుకోకండి. ముగ్గురు ఎక్కడం ఒక్కటే ప్రమాదానికి కారణమని చెప్పలేమని, దానివల్లే ప్రమాదం జరిగిందనో నష్టం పెరిగిందనో రుజువు కావాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. లైసెన్సు లేకపోవడం ఒక్కటే బాధితుడి తప్పు కాదని అంతకు ముందే చెప్పింది. తలకు దెబ్బ తగిలి హెల్మెట్ లేని కేసుల్లో మాత్రం పరిహారంలో కొంత కోత పడే అవకాశం ఉంది. 2022లో హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50 వేల పైన. అందులో పద్నాలుగు వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్లు. కొండకు పోయే రోజున వెనకామెకూ ఒక హెల్మెట్ కొనండి.

చివరగా వకీలు సంగతి. ఆస్పత్రి దగ్గరే వచ్చి పరిచయం చేసుకొని, వచ్చినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకునే దళారులున్నారు. పరిహారంలో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఖాళీ వకాలత్ మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టవద్దు. పరిహారం బాధితుడి బ్యాంకు ఖాతాకే నేరుగా పంపాలని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది, కనుక మీ పాస్‌బుక్, ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉండాలి. ఫీజు పెట్టుకోలేనివాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆ హక్కు ఉంది, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి. ఫోన్ నంబరు 15100, దేశంలో ఎక్కడి నుంచైనా. తీర్పు వచ్చాక మొత్తం తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వేసుకోవచ్చు. తిరువళ్లూరు తీర్పు మీద అయితే మద్రాసు హైకోర్టు, ఇటువైపు తీర్పు మీద అయితే అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు.